మీకు తెలుసా? అరవై నిండినవాడే ఇక్కడ కుర్రాడు

ఒలింపిక్స్ వచ్చినప్పుడు ట్రాక్ సైక్లింగ్ టీవీలో కనిపిస్తుంది. గిన్నె అంచులా పైకి లేచిన చెక్క ట్రాక్ మీద ఇరవై, పాతికేళ్లవాళ్లు రివ్వున తిరుగుతుంటారు. అదే ట్రాక్ మీద, దాదాపు అవే నియమాలతో, 35 ఏళ్లు దాటినవాళ్లకు విడిగా ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఉంది. ఎనభై దాటినవాళ్లు కూడా అందులో పోటీకి దిగుతారు. వీళ్లలో చాలామందికి సైకిల్ బతుకుతెరువు కాదు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ, దొరికిన వేళల్లో సాధన చేసుకునే మామూలు మనుషులు. ఆ ‘మాస్టర్స్’ లోకం నుంచి కొన్ని సంగతులు.

పుట్టినరోజు ఎప్పుడైనా ఒకటే

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ మాస్టర్స్ రైడర్లను ఐదేళ్లకో వర్గంగా విడదీస్తుంది. 35-39, 40-44, 45-49... ఇలా పైకి సాగుతుంది. వయసు లెక్కలో పుట్టిన తేదీకి విలువ లేదు. పోటీ జరిగే ఏడాదిలోంచి పుట్టిన ఏడాదిని తీసేయగా మిగిలిందే వయసు. జనవరి 1న పుట్టినా, డిసెంబరు 31న పుట్టినా తేడా రాదు.

దీనివల్ల ఒక తమాషా జరుగుతుంది. 59 ఏళ్ల రైడర్ తన వర్గంలో అందరికన్నా పెద్ద. తనకన్నా నాలుగేళ్లు చిన్నవాళ్లతో తలపడాలి. ఏడాది తిరిగి అరవైలోకి రాగానే 60-64 వర్గంలో అందరికన్నా చిన్నవాడైపోతాడు. మన ఇళ్లలో షష్టిపూర్తి చేసి పీటల మీద కూర్చోబెట్టే ఏడాదే అక్కడ పతకానికి మంచి అదను. వచ్చే ఏడాది ఏ వర్గంలోకి వెళతామా అని వేళ్ల మీద లెక్కేసుకునేవాళ్లకు వయసు దాచుకోవాల్సిన పనేముంది?

వయసు పెరిగితే దూరం తగ్గుతుంది

ఇద్దరు రైడర్లు ట్రాక్‌కు చెరోవైపు నుంచి ఒకేసారి బయల్దేరి, ఒకరినొకరు తరుముకునే పోటీ పేరు పర్స్యూట్. అగ్రశ్రేణి పురుషులకు అది 4 కిలోమీటర్లు. మాస్టర్స్‌లో పెద్ద వయసువాళ్లకు 2 కిలోమీటర్లే. ఆగిన చోటు నుంచి ఒంటరిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్ కూడా అంతే. కిలోమీటరు రేసు పెద్దవాళ్లకు 500 మీటర్లకు దిగుతుంది. దూరం తగ్గిందని తేలిక అనుకోవద్దు. తొలి తొక్కుడు నుంచి చివరి గీత దాకా ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉండదు.

గెలిస్తే అదే ఇంద్రధనుస్సు

ప్రపంచ విజేతకు తొడిగే తెల్ల జెర్సీ మీద నీలం, ఎరుపు, నలుపు, పసుపు, ఆకుపచ్చ చారలుంటాయి. సైక్లింగ్‌లో దీన్ని మించిన వస్త్రం లేదు. మాస్టర్స్ ప్రపంచ విజేతలకూ ఇంద్రధనుస్సు చారల జెర్సీయే ఇస్తారు. కాకపోతే తమ వయసు పోటీల్లో, తాము గెలిచిన విభాగంలోనే దాన్ని తొడుక్కోవాలి.

నెమ్మదిగా వెళ్తేనే ప్రమాదం

ప్రామాణిక ఇండోర్ ట్రాక్ పొడవు 250 మీటర్లు. మలుపుల దగ్గర వాలు 42 నుంచి 45 డిగ్రీల దాకా ఉంటుంది. పక్కన నిలబడి చూస్తే గోడలాగే కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు భయపడి వేగం తగ్గిస్తారు. అసలు చిక్కు అక్కడే. గంటకు సుమారు 25-30 కిలోమీటర్లకన్నా తగ్గితే టైరు పట్టు వదిలి సైకిల్ కిందికి జారిపోవచ్చు. అందుకే శిక్షకులు మొదటిరోజే చెప్పే మాట: భయం వేస్తే ఇంకాస్త గట్టిగా తొక్కండి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో మలుపు తిరిగేటప్పుడు ఒంటి బరువు దాదాపు ఒకటిన్నర రెట్లు అయినట్టు తోస్తుంది. 70 కిలోల మనిషి ఆ రెండు క్షణాలు వంద కిలోలకు పైగా మోస్తున్నట్టే. వయసు మీరిన మెడ, నడుము ఆ భారాన్ని ముందుగా పసిగడతాయి.

బ్రేకులు లేవు, గేర్లు మారవు

ట్రాక్ సైకిల్‌కు బ్రేకులు ఉండవు. ఉండకూడదని నియమం. వెనక చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్లు తిరగాల్సిందే, కాళ్లు ఆపడం కుదరదు. దీన్నే ఫిక్స్‌డ్ గేర్ అంటారు. బ్రేకులు లేకపోవడమే ఇక్కడ రక్షణ. గుంపులో ఎవరూ ఉన్నట్టుండి ఆగలేరు కాబట్టి వెనకవాడు వచ్చి గుద్దుకోడు. రేసు ముగిశాక పెడళ్ల మీద వెనక్కి ఒత్తిడి పెడుతూ, వాలు మీద పైకి ఎక్కుతూ రెండు మూడు చుట్లలో వేగం తగ్గించుకుంటారు. రోడ్డు సైకిల్ అలవాటుతో గీత దాటగానే కాళ్లు ఆపబోయిన కొత్తవాళ్లను పెడళ్లు ఎగరేసినంత పని చేస్తాయి.

నల్ల గీత విలువ అర సెకను

ట్రాక్ పొడవును కొలిచేది లోపలి అంచుకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉండే నల్ల గీత మీద. దానికి పైన ఎర్ర గీత, ఇంకా పైన నీలం గీత ఉంటాయి. నల్ల గీతకు 20 సెంటీమీటర్లు పైకి జరిగి తొక్కితే చుట్టుకు దాదాపు ఒక మీటరు అదనంగా తిరిగినట్టు. 2 కిలోమీటర్ల పర్స్యూట్ అంటే ఎనిమిది చుట్లు. అంటే ఏడెనిమిది మీటర్లు దండగ. గంటకు 45 కిలోమీటర్ల వేగంలో అది అర సెకనుకు పైమాటే. అంతకన్నా తక్కువ తేడాతో పతకాలు చేతులు మారుతుంటాయి. గీత తప్పకుండా తొక్కడానికి కావాల్సింది కండబలం కాదు, నిలకడ. అది వయసుతో తరగదు.

అసలు ప్రత్యర్థి గాలి

ట్రాక్ మీద రైడర్‌ను ఆపే శక్తుల్లో సింహభాగం గాలిదే. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికి కావాల్సిన శక్తి ఘనం లెక్కన పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల నుంచి 44కు పోవాలంటే పెరిగిన వేగం పది శాతం, గాలి కోసం ఖర్చుపెట్టాల్సిన శక్తి మూడోవంతు ఎక్కువ. అరవై ఏళ్ల కాళ్లు ఆ మూడోవంతును పుట్టించడం కష్టం. భుజాలు దగ్గరికి తీసి, తల దించి, వీపును నేలకు సమాంతరంగా ఉంచితే గాలికి ఎదురయ్యే ఒళ్లు తగ్గుతుంది. అందుకే అనుభవమున్న మాస్టర్స్ రైడర్లు కాళ్లతో సమానంగా నడుము వంగడం మీదా శ్రద్ధ పెడతారు. అయితే నాలుగు నిమిషాలు పట్టు సడలకుండా ఉంచగలిగే వంపే పనికొచ్చే వంపు. అంతకుమించి వంగితే ఊపిరాడదు.

సైకిల్ పోటీలో కదలకుండా నిలబడటం

ఇద్దరు తలపడే స్ప్రింట్‌లో మొదటి చుట్టు నడక వేగంతో సాగుతుంది. ఒక్కోసారి ఇద్దరూ సైకిళ్ల మీదే బొమ్మల్లా నిలబడిపోతారు. నియమాల ప్రకారం 30 సెకన్ల దాకా అలా నిలబడొచ్చు. కారణం మళ్లీ గాలే. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకవాడు ఆ చాటున బలం దాచుకుంటాడు. పైగా ముందున్నవాడికి వెనకవాడి ఎత్తు కనిపించదు. అందుకే ఎదుటివాణ్ని ముందుకు తోయడానికి ఇద్దరూ ఎత్తులు వేస్తారు. కాళ్లలో చురుకు కాస్త తగ్గినా, ఎదుటివాడి మనసు చదవడంలో ముదిరినవాడికి ఇక్కడ గెలుపు దారి తెరిచే ఉంటుంది.

54 ఏళ్లకు జాతీయ విజేత, అదీ కుర్రాళ్ల మీద

బ్రిటన్‌కు చెందిన రెజ్ హ్యారిస్ 1920లో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో ట్యాంకు నడుపుతూ గాయపడ్డాడు. 1947లో అమెచ్యూర్ స్ప్రింట్ ప్రపంచ విజేత అయ్యాడు. ప్రొఫెషనల్‌గా 1949, 1950, 1951, 1954లలో మళ్లీ ప్రపంచ టైటిళ్లు గెలిచి, ఆ దశకంలోనే ఆట మానేశాడు. 1970ల మొదట్లో తిరిగొచ్చి, 1974లో బ్రిటిష్ స్ప్రింట్ టైటిల్ గెలిచాడు. అప్పటికి అతని వయసు 54. అది వయసు వర్గాల పోటీ కాదు, అందరికీ తెరిచిన జాతీయ ఛాంపియన్‌షిప్. మాంచెస్టర్ వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ ట్రాక్ ప్రాంగణంలో, అతని విగ్రహం ఉంది.

43లో ఒకాయన, 36లో ఒకావిడ

ఒక్క గంటలో ఎంత దూరం తొక్కగలరో చూసే అవర్ రికార్డు సైక్లింగ్‌లో అన్నిటికన్నా కఠినమైన పరీక్ష అంటారు. 2014 సెప్టెంబరు 18న జర్మన్ రైడర్ జెన్స్ వోయిట్ స్విట్జర్లాండ్‌లోని గ్రెంకెన్‌లో 51.110 కిలోమీటర్లు తొక్కి ఈ రికార్డు సాధించాడు. అంతకు ముందురోజే అతనికి 43 నిండాయి. ఇటలీకి చెందిన విత్తోరియా బుస్సి గణితంలో డాక్టరేట్ చేసింది. 2023 అక్టోబరులో మెక్సికోలోని అగ్వాస్‌కాలియెంతెస్ ట్రాక్ మీద 50.267 కిలోమీటర్లు తొక్కి, గంటలో 50 కిలోమీటర్లు దాటిన తొలి మహిళ అయింది. అప్పటికి ఆమెకు 36. ఇద్దరూ మాస్టర్స్ వయసువాళ్లే. సాధించినవి మాత్రం వయసుతో నిమిత్తం లేని ప్రపంచ రికార్డులు.

ఒక తాత కోసం కొత్త వర్గమే పుట్టింది

ఫ్రాన్స్‌కు చెందిన రాబర్ట్ మార్షాన్ 1911 నవంబరు 26న పుట్టాడు. ఎత్తు దాదాపు ఐదడుగులు. ఈ పొట్టి ఒంటితో సైక్లింగ్‌లో పైకి రాలేవని కుర్రతనంలో ఒక కోచ్ తేల్చేశాడు. మార్షాన్ పారిస్‌లో అగ్నిమాపక సిబ్బందిలో పనిచేశాడు. వెనెజ్వెలాలో, కెనడాలో కాయకష్టం చేశాడు. అరవై ఏడు దాటాక మళ్లీ సైకిల్ పట్టాడు.

2012లో, నూరేళ్లు నిండాక, స్విట్జర్లాండ్‌లోని ఎగల్ ట్రాక్ మీద గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కాడు. నూరేళ్లు దాటినవాళ్లకు అంతవరకూ వర్గమే లేదు. ఆయన కోసమే ఏర్పాటు చేశారు. రెండేళ్లకు, 102 ఏళ్ల వయసులో, పారిస్ దగ్గరి జాతీయ వెలోడ్రోమ్‌లో 26.927 కిలోమీటర్లు తొక్కి తన రికార్డును తానే చెరిపేశాడు. వయసు పెరిగింది, దూరమూ పెరిగింది.

2017 జనవరి 4న, 105 ఏళ్లకు, మరో కొత్త వర్గంలో 22.547 కిలోమీటర్లు తొక్కాడు. చివరి పది నిమిషాలున్నాయని చూపించిన బోర్డు తన కంట పడలేదని, చూసుంటే ఇంకా వేగంగా పోయేవాణ్నని ఆ తర్వాత చెప్పాడు. 2021 మేలో, 109 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆ రెండేళ్లలో ఏం చేశాడు?

మార్షాన్ 101 నుంచి 103 ఏళ్లకు చేరే మధ్యకాలంలో ఫ్రెంచ్ శరీరధర్మ శాస్త్రవేత్త వెరోనిక్ బిల్లా బృందం ఆయన్ను పరీక్షించింది. ఏడాదికి 5,000 కిలోమీటర్ల సాధన. అందులో 80 శాతం తేలిగ్గా, 20 శాతం మాత్రం కష్టంగా. ఒళ్లు వాడుకోగల ఆక్సిజన్ గరిష్ఠ పరిమాణం కిలో బరువుకు నిమిషానికి 31 మిల్లీలీటర్ల నుంచి 35కు పెరిగింది. తొక్కుడులోని గరిష్ఠ శక్తి 90 వాట్ల నుంచి 125కు చేరింది. వయసుతో తగ్గడమే తప్ప పెరగదనుకునే కొలతలివి. ఎక్కువభాగం సులువుగా, కొద్దిభాగం గట్టిగా అనే పద్ధతి నేటి మాస్టర్స్ రైడర్ల శిక్షణలో మామూలు మాట.

ముందు తగ్గేది వేగపు కండ

వయసుతో కండ తగ్గుతుంది. అన్ని పోగులూ ఒకేలా తగ్గవు. చటుక్కున బలం పుట్టించే పోగులు ముందు సన్నబడతాయి, నిదానంగా చాలాసేపు పనిచేసేవి ఎక్కువకాలం నిలుస్తాయి. అందుకే అరవై దాటిన రైడర్ గంటసేపు తొక్కమంటే తొక్కుతాడు గానీ, ఆగిన చోటు నుంచి ఎగిరి దూకమంటే తడబడతాడు. మందు బరువులెత్తడమే. 1990లో అమెరికన్ వైద్యసంఘం పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో తొంభై ఏళ్ల ప్రాంతంలో ఉన్న వృద్ధాశ్రమవాసులతో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. పూర్తిచేసిన తొమ్మిది మందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో పెరిగే కండ యాభైలో పెరగదా?

125 మంది, ఒక చిన్న గ్రంథి

రొమ్ము ఎముక వెనక థైమస్ అనే గ్రంథి ఉంటుంది. రోగనిరోధక టీ-కణాలు తయారయ్యేది అక్కడే. వయసుతో అది కుంచించుకుపోతుంది. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ, లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 55 నుంచి 79 ఏళ్ల మధ్యనున్న 125 మంది అమెచ్యూర్ సైక్లిస్టులను పరీక్షించి 2018లో ఫలితాలు వెల్లడించారు. మగవాళ్లయితే 100 కిలోమీటర్లు ఆరున్నర గంటల్లో, ఆడవాళ్లయితే 60 కిలోమీటర్లు ఐదున్నర గంటల్లో తొక్కగలగాలన్నది అర్హత. వాళ్ల థైమస్ కుర్రవాళ్ల స్థాయిలో కొత్త కణాలను తయారుచేస్తున్నట్టు తేలింది.

సైకిల్ ఎముకకు బలమివ్వదు

గుండెకు, ఊపిరితిత్తులకు సైకిల్ ఎంత మేలు చేసినా ఎముక దగ్గర చేతులెత్తేస్తుంది. ఒంటి బరువు సీటు మోస్తుంది కాబట్టి ఎముక గట్టిపడటానికి కావాల్సిన తాకిడి అందదు. ఏళ్ల తరబడి సైకిల్ తప్ప మరో వ్యాయామం చేయని మాస్టర్స్ రైడర్లలో వెన్నెముక సాంద్రత తక్కువగా ఉండటాన్ని పరిశోధకులు గుర్తించారు. ట్రాక్ మీద పడటం మామూలే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. బరువులెత్తడం, మెట్లెక్కడం, కాస్త గెంతడం సాధనలో భాగం కావాలి.

220 లెక్క అందరికీ సరిపోదు

గరిష్ఠ గుండె వేగం కోసం 220లోంచి వయసు తీసేయడం చాలామందికి తెలిసిన సూత్రం. పెద్ద వయసువాళ్ల విషయంలో అది తక్కువ చూపిస్తుంది. 2001లో తనాకా అనే శాస్త్రవేత్త బృందం ప్రతిపాదించిన సూత్రం వేరు: వయసును 0.7తో గుణించి, 208లోంచి తీసేయాలి. అరవై ఏళ్లకు పాత లెక్క 160 అంటే, కొత్తది 166 అంటుంది. ఇదీ సగటే, మనిషిని బట్టి మారుతుంది. ఏళ్ల తరబడి విపరీతంగా సాధన చేసేవాళ్లలో గుండె లయ తప్పే ముప్పు కొంత ఎక్కువని కూడా అధ్యయనాలున్నాయి. కాబట్టి పోటీలకు దిగేముందు ఈసీజీ, డాక్టరు సలహా తప్పనిసరి.

ఉదయం ఇడ్లీతో సరిపెట్టుకుంటే చాలదు

కుర్రవాళ్ల కండకు ఒక పూట కిలో బరువుకు 0.24 గ్రాముల ప్రొటీన్ సరిపోతే, డెబ్భై ప్రాంతంలో ఉన్నవాళ్లకు 0.4 గ్రాములు కావాలని 2015లో ఒక పరిశోధన చెప్పింది. 70 కిలోల మనిషికి అది పూటకు 28 గ్రాములు. రాత్రి భోజనంలో ఒక్కసారే కూరితే సరిపోదు, మూడు పూటలా సర్దుకోవాలి. గుడ్లు, పాలు, పెరుగు, పప్పు, చేప, ఏది పడితే అది.

తొంభై ఏళ్లకూ డోపింగ్ పరీక్ష

పెద్దవాళ్ల ఆటే కదా అని పరీక్షలు మానరు. 2018లో అమెరికా మాస్టర్స్ ట్రాక్ పోటీల్లో 90 ఏళ్ల రైడర్ ఒకాయన పరీక్షలో నిషిద్ధ స్టెరాయిడ్ ఆనవాలు దొరికింది. ముందురోజు చేసిన పరీక్షలో ఏమీ లేదు. ఆ రాత్రి తిన్న మాంసం నుంచే అది వచ్చి ఉండొచ్చని అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ తేల్చి, హెచ్చరికతో వదిలిపెట్టింది. ఆ రోజు ఫలితం మాత్రం పోయింది. రక్తపోటు మాత్రల్లో కొన్ని నిషిద్ధ జాబితాలో ఉంటాయి. మందులు వాడేవాళ్లు ముందే చూసుకుని, అవసరమైతే అనుమతి తీసుకోవాలి.

1877 నాటి ట్రాక్ ఇంకా పనిచేస్తోంది

ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఉన్న ప్రెస్టన్ పార్క్ ప్రపంచంలోకెల్లా పాత వెలోడ్రోమ్. 1877 నాటిది. చుట్టు 579 మీటర్లు. లండన్‌లోని హెర్న్ హిల్ 1891 నాటిది, 1948 ఒలింపిక్స్ ట్రాక్ పోటీలు అక్కడే జరిగాయి. రెండూ వాలు తక్కువున్న ఆరుబయలు ట్రాకులు. నలభై దాటాక మొదలుపెట్టేవాళ్ల భయం పోగొట్టడానికి ఇలాంటివే అనువు.

మన దగ్గర?

2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీలోని ఇందిరాగాంధీ క్రీడాప్రాంగణంలో పైకప్పున్న చెక్క వెలోడ్రోమ్ కట్టారు. అంతకుముందే, 2002 జాతీయ క్రీడలకు ఆతిథ్యమిచ్చిన హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ ప్రాంగణంలో కాంక్రీటు ట్రాక్ వచ్చింది. జాతీయ ట్రాక్ పోటీలు కూడా దాని మీద జరిగాయి. తెలుగు నేల మీద వాలు మలుపు రుచి చూడాలనుకునేవాళ్లకు అదే చిరునామా. ఎండాకాలం మాత్రం తెల్లవారకముందే పని ముగించాలి.

సెలక్షన్ కమిటీ లేదు

అన్నిటికన్నా ఆశ్చర్యమైన సంగతి ఇది. మాస్టర్స్ ప్రపంచ ట్రాక్ ఛాంపియన్‌షిప్‌కు దేశం తరఫున ఎవరూ ఎంపిక చేయరు. సొంత దేశపు సమాఖ్య ఇచ్చిన లైసెన్సు ఉండాలి, వయసు 35కు తగ్గకూడదు, ప్రవేశ రుసుము కట్టాలి. ఆ ఏడాది ప్రొఫెషనల్ జట్టులో ఉన్నవాళ్లకు ప్రవేశం లేదు. విమానం టికెట్, సైకిల్ పెట్టె, బస అన్నీ సొంత ఖర్చే. మాంచెస్టర్, సిడ్నీ, లాస్ ఏంజెలెస్‌లలో ఈ పోటీలు జరిగాయి. ప్రపంచ పోటీ బరిలో నిలబడటానికి ఎవరి దయా అక్కర్లేని ఆటలు అరుదు. ఇప్పుడు యాభై ఏడేళ్లవాళ్లకు 60-64 వర్గం మొదటి ఏడాదికి ఇంకా మూడేళ్ల గడువుంది. పునాది నుంచి సాధన చేయడానికి అది చాలినంత సమయం.